పిండివాడి వెంట ఒక రాత్రి: హైదరాబాద్‌లో బండి తిండి ఎలా తినాలంటే

నేను పిండి రుబ్బే మనిషిని. మల్లేపల్లిలో మా గ్రైండర్ల కొట్టు నుంచి రోజూ రాత్రి పదిహేడు బండ్లకి ఇడ్లీ పిండి, దోసె పిండి వెళ్తుంది. అంతకుముందు ఆరేళ్ళపాటు నాకూ ఒక బండి ఉండేది. పాత టాటా ఏస్ కొని, వెనక రేకు డబ్బా కట్టించి, మెహదీపట్నంలో రాత్రి టిఫిన్లు వేసేవాణ్ణి. 2020 మార్చిలో లాక్‌డౌన్ అని ఆపాను, మళ్ళీ మొదలుపెట్టలేదు. అప్పటికే మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఆ వంకన మానేశాను.

మా అక్క కొడుకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పోయిన నవంబరులో ఒక శుక్రవారం ఫోన్ చేసి, "మావయ్యా, మా ఆఫీసు వాళ్ళు ముగ్గురు, నేను, రాత్రంతా బండ్ల మీద తినాలని ప్లాన్ వేశాం. వీడియోలు చూసి ఇరవై రెండు చోట్లు రాసుకున్నాం. నువ్వూ రాకూడదా?" అన్నాడు. ఇరవై రెండా! పెళ్ళిలో వడ్డించేవాడు కూడా ఒక్క రాత్రిలో అన్ని పంక్తులు తిరగడు. "అయిదు చోట్లు చాలు. వస్తాను గానీ, ఎక్కడ ఏం తినాలో నేను చెప్తాను" అన్నాను. ఆ రాత్రి దారి పొడుగునా వాళ్ళకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. మీరు వేరే ఊళ్ళో ఉన్నా చాలావరకు పనికొస్తాయి, బండి ఎక్కడైనా బండే.

ఖాళీ కడుపుతో రావద్దు

రాత్రి బాగా తినాలని పొద్దున్నుంచీ కడుపు మాడ్చుకుని వచ్చేవాళ్ళని బండి మీద ఉండగా చాలామందిని చూశాను. మొదటి బండి దగ్గరే రెండు ప్లేట్లు లాగించేస్తారు. రెండో బండి దగ్గర ఫోన్ చూసుకుంటూ పక్కన నిలబడతారు. సాయంత్రం అయిదింటికి కాస్త పెరుగన్నం తిని రండి. ఆకలి ఉండాలి, ఆత్రం ఉండకూడదు.

నలుగురు వెళ్తే బాగుంటుంది. ఒక ప్లేటు తీసుకుంటే మనిషికి రెండు ముద్దలు వస్తాయి. ఇద్దరే అయితే ఒక్క ప్లేటుకే కడుపు సగం నిండుతుంది. ఆరుగురైతే ఎవడో ఒకడు "నాకు వేరే ప్లేటు" అంటాడు, అక్కడితో లెక్క తప్పుతుంది. నేను పెట్టిన షరతు ఒకటే: ఏ బండి దగ్గరైనా ఒక్కటే ప్లేటు, ఎంత బాగున్నా రెండోది చెప్పకూడదు. వాళ్ళలో వరంగల్ అబ్బాయి ఒకడున్నాడు, మంచి తిండిపుష్టి గలవాడు. ఈ ఒక్క షరతు మీద ఆ రాత్రి నాతో మూడుసార్లు పోట్లాడాడు.

ఫోన్‌తో డబ్బు కొట్టడం ఇప్పుడు ప్రతి బండి దగ్గరా ఉంది. అయినా అయిదు వందలు పదులు, ఇరవైలుగా మార్చి జేబులో పెట్టుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఒకే వీధిలో అందరూ ఫోన్లు తీస్తే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనకవాడు గొణుగుతూనే ఉంటాడు. ఫోన్‌తో కొడితే మాత్రం స్పీకరు డబ్బా పలికేదాకా కదలకండి. ఉత్త స్క్రీన్ చూపించి జారుకునేవాళ్ళు ఉంటారు కాబట్టి, డబ్బా పలక్కపోతే బండివాడు పెనం వదిలేసి మీ ఫోన్‌లోకి తొంగి చూడాలి. ఆ అరనిమిషంలో ఎవరి దోసో మాడిపోతుంది.

ఎవరి నీళ్ళ సీసా వాళ్ళు తెచ్చుకోండి. చేతిరుమాలు, ఒక చిన్న సబ్బు బిళ్ళ. మందు కొట్టి రావద్దు. బండి నడపడం సంగతి అలా ఉంచండి, మందు మీద ఉన్న నాలుకకి ఉప్పు, కారం తప్ప ఇంకోటి తెలీదు. తాగినవాళ్ళకి రాత్రి ఒంటిగంటకి ఏది వేసినా "సూపర్ అన్నా" అనేవాళ్ళు. నేను ఏం వేశానో నాకు తెలుసు.

ఇంకో సంగతి మాకెవరికీ తట్టలేదు. కారెక్కగానే శ్రీకాకుళం అమ్మాయి అడిగింది, "బాత్రూం సంగతేంటి బాబాయ్ గారూ?" అని. అరవై ఏళ్ళకి దగ్గరపడుతున్నా నాకు ఈ ఆలోచన రాలేదు, సిగ్గుపడ్డాను. దారిలో పెట్రోలు బంకులు ఎక్కడెక్కడున్నాయో అప్పుడే ఫోన్‌లో చూసి పెట్టుకున్నాం. బంకుల్లో టాయిలెట్లు ఉంటాయి, తాళం వేసి ఉంటే అడిగి తీయించుకోవాలి. మెట్రో స్టేషన్లలోనూ ఉంటాయి గానీ అర్ధరాత్రికి అవి మూసేస్తారు. ఆడవాళ్ళు ఉన్న జట్టు అయితే ఎక్కడ తినాలన్నదాని కంటే ముందు ఇది తేల్చుకోండి.

మొదటి పది నిమిషాలు ఏమీ కొనకండి

గచ్చిబౌలిలో డీఎల్‌ఎఫ్ సైబర్ సిటీ పక్క వీధి గురించి అటువైపు ఉద్యోగాలు చేసేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ట్రక్కులు, తోపుడు బండ్లు, గొడుగుల కింద బల్లలు, మెడలో ఐడీ కార్డులు తీయకుండానే తినే జనం. మోమోలు, మ్యాగీ, కుండ బిర్యానీ, బొంగులో చికెన్, తందూరీ చాయ్... బోర్డులు చదివేసరికే సగం కడుపు నిండుతుంది. ఎనిమిదిన్నరకి చేరాం. పిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరకి ఊరికే నడిపించాను.

నడిచేటప్పుడు బోర్డులు చూడకండి. చేతులు చూడండి. డబ్బు తీసుకునే చెయ్యి, తిండి ముట్టుకునే చెయ్యి ఒకటేనా, వేరా? మొగుడూ పెళ్ళాం నడిపే బండ్లంటే నాకు ఇందుకే ఇష్టం. ఒకరు గల్లా చూస్తే ఒకరు పొయ్యి చూస్తారు. ఒక్కడే ఉన్న బండిని తప్పు పట్టలేం, నేనూ చాలాకాలం ఒంటరిగానే నడిపాను. అలాంటి చోట నోటు అందుకున్నాక ఆ చెయ్యి ఎటు వెళ్తుందో చూడండి. భుజం మీది తువ్వాలుకి తుడుచుకుని, అదే తువ్వాలుతో ప్లేటు తుడిచాడంటే ఆ బండికి ఎంత పేరున్నా నేను ముందుకి నడిచేస్తాను.

ట్రక్కులతో ఒక చిక్కు ఉంది. వంటవాడు ఎత్తు మీద ఉంటాడు, మనం కింద ఉంటాం. లైట్లు, బోర్డు, అతని మొహం కనబడతాయి. చేతులు కనబడవు. నేను ఏస్ మీద డబ్బా కట్టించేటప్పుడు వెల్డింగు అతను "కౌంటరు ఇంకో జానెడు ఎత్తు పెడదాం అన్నా, లోపలి గలీజు గిరాకీకి కనబడదు" అని సలహా ఇచ్చాడు. నేను విని అలాగే పెట్టించాను కూడా, దాచడం ఎందుకు. కాబట్టి ట్రక్కు దగ్గర ముందు నిలబడి ఆర్డరు చెప్పకుండా ఒకసారి వెనక నుంచి చుట్టి రండి. వేడికి ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఉల్లిపాయలు ఎక్కడ తరుగుతున్నారు, చికెన్ ఐస్‌పెట్టెలో ఉందా, కింద బకెట్టులో ఉందా, అంతా అటు నుంచి కనబడుతుంది.

నీళ్ళు రెండు రకాలు. ముందు ఇరవై లీటర్ల క్యాను ఠీవిగా కూర్చుని ఉంటుంది, వెనక మూతలేని డ్రమ్ములో ప్లేట్లు ముంచి తీస్తుంటారు. స్టీలు ప్లేటు కంటే ఆ పూటకి ఆకు ప్లేటు నయం. నూనె కారే బజ్జీలు న్యూస్‌పేపరులో పెట్టి ఇస్తే వద్దనండి. అచ్చు సిరాలో సీసం లాంటివి ఉంటాయి, తిండికి ఆ కాగితం వాడొద్దని దేశంలో తిండి భద్రత చూసే సర్కారు సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023లో గట్టిగానే చెప్పింది. ఇంట్లో నుంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి అందులో వేయమంటే ఎవరూ కాదనరు, పైగా వాళ్ళకి ప్లేటు ఖర్చు మిగులుతుంది.

నూనె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది రంగు చూసి తేలుస్తారు. పసుపు బల్బు కింద ఏ నూనె అయినా బంగారమే. నురగ చూడండి. మంచి నూనెలో బజ్జీ వెయ్యగానే పెద్ద బుడగలు వస్తాయి, బజ్జీ తీసేయగానే అణిగిపోతాయి. పదేపదే కాచిన నూనెలో సబ్బు నురగలాగా సన్న నురగ అంచుల వెంట పట్టుకుని, బజ్జీలు తీసేసినా పోదు. పిండి పడకముందే మూకుడు పొగలు కక్కుతుంటే అదీ పాత నూనే. వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి రూలు ఉంది, దాన్ని కొలిచే మీటరు అధికారుల దగ్గర ఉంటుంది. మనకి ముక్కు ఉంది. మూకుడుకి గాలి వాలున రెండు అడుగుల దూరంలో నిలబడి పీల్చండి. గొంతులో గరగరమంటే వదిలేయండి.

సిలిండరు కూడా చూస్తాను. వ్యాపారానికి వాడాల్సింది 19 కిలోల నీలం సిలిండరు. ఎర్రది ఇళ్ళలో వాడే 14.2 కిలోలది. ఎర్రది పెట్టినవాడి చేతివంట బాగుండదని అనను. గ్యాసు దగ్గర దొడ్డిదారి పట్టినవాడు చికెన్ దగ్గర కూడా పడతాడేమోనని నా అనుమానం, అంతే. బండికి ఎక్కడో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాగితం, దాని మీద 14 అంకెల నంబరు ఉండాలి. అది ఉన్నంత మాత్రాన శుభ్రం అనుకోకండి, కౌంటరు ఎత్తు పెట్టించిన నాకూ ఉండేది. ఈ మనిషి తన పేరు, చిరునామా సర్కారుకి ఇచ్చి కూర్చున్నాడు, రేపు కూడా ఇక్కడే ఉండాలనుకుంటున్నాడు, ఆ నంబరుకి అంతవరకే అర్థం.

ఇక జనం. "అక్కడ పెద్ద క్యూ ఉంది మావయ్యా, బాగుంటుంది" అని మావాడు లాగాడు. క్యూ పొడుగు చూడొద్దు, కదలడం చూడమన్నాను. అయిదు నిమిషాలు నిలబడి లెక్కపెట్టాం, రెండే ప్లేట్లు బయటికొచ్చాయి. వంటవాడు నిదానం, పక్కన ఒకతను అతన్ని వీడియో తీస్తున్నాడు. దాని పక్క బండి దగ్గర నలుగురే ఉన్నారు, అయిదు నిమిషాల్లో పదకొండు ప్లేట్లు వెళ్ళాయి. సరుకు నిలవ ఉండని చోటే తినాలి.

ఏది ముందు, ఏది వెనక

పులుపు ముందు, నూనె తర్వాత, మాంసం ఆ తర్వాత, చల్లనిది ఆఖర్న. మధ్యలో కూల్‌డ్రింకులు వద్దు, గ్యాసుతో కడుపు ఉబ్బి ఆకలి తీరినట్టు అనిపిస్తుంది. రెండు గుక్కల మంచినీళ్ళు, నాలుగు అడుగుల నడక.

మొదలు ముంత మసాలాతో పెట్టించాను. మరమరాలు, పల్లీలు, కారప్పూస, ఉల్లి, టమాటా, పచ్చిమామిడి తురుము, నిమ్మరసం. ముంతలో గరిటె పెట్టి టకటకా కొడుతుంటే ఆ చప్పుడుకే నోరూరుతుంది. దీనికి ఆయుష్షు రెండు నిమిషాలు. ఫొటో తీసుకునేలోపు మరమరాలు మెత్తబడి చద్దన్నం అయిపోతాయి. నిమ్మకాయ ఆఖర్న పిండమని చెప్పండి. నవంబరు గాలికి మరమరాలు గుల్లగా ఉంటాయి కాబట్టి ఇది చెల్లింది. వానాకాలంలో అయితే ఈ మెట్టు దాటేసి నేరుగా వేడివాటి దగ్గరికి వెళ్ళండి.

తర్వాత మిర్చి. నేను మంగళగిరివాణ్ణి, బజ్జీ విషయంలో నాకు కాస్త పొగరు ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. మా వైపు పొడుగు మిరపకాయ చీల్చి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కూరి, శనగపిండిలో ముంచి ఒక్కసారే వేయిస్తాం. హైదరాబాద్ కట్ మిర్చి తీరు వేరు. ఒకసారి సగం వేయించి తీసి, ముక్కలు కోసి, మళ్ళీ నూనెలో వేసి కరకరలాడేదాకా ఉంచి, పైన ఉల్లిపాయలు, నిమ్మరసం చల్లుతారు. బండి మీద సగం వేగిన బజ్జీల గుట్ట చూసి "పొద్దుటివి" అనుకుని వెనక్కి తగ్గొద్దు, ఆ వంటకం పద్ధతే అది. కాకపోతే ఆ గుట్ట మీరు నిలబడి ఉండగా తరుగుతోందా లేదా చూడండి. "రెండోసారి మా ముందు వేయన్నా" అని అడగండి, వేస్తారు. కొత్తగా వచ్చినప్పుడు కట్ మిర్చిని చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు మా ఊరు వెళ్తే ఇది లేక వెలితిగా ఉంటోంది.

పునుగులు కూడా ఈ వేళకే తినాలి, ఎందుకో తర్వాత చెప్తాను.

శ్రీకాకుళం అమ్మాయికి మోమోలు కావాలి. సరే, ఆవిరి మీద ఉడికినవి, ఎర్ర చట్నీతో తినమ్మా, తెల్ల మయోనైజ్ ముట్టుకోకు అన్నాను. నగరంలో మోమోలు తిన్నవాళ్ళు చాలామంది ఆసుపత్రి పాలై ఒకావిడ చనిపోయిన రోజుల్లో, 2024 అక్టోబరు 30న, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. పచ్చిగుడ్డు, నూనె కలిపి గిలక్కొట్టి, మండే పొయ్యి పక్కన గంటలు గంటలు పెడితే అందులో పెరగనిది ఉండదు. గుడ్డు లేనిది అని బోర్డు ఉన్నా, పొద్దున తెరిచిన డబ్బా రాత్రి పదింటికి బల్ల మీద వెచ్చగా ఉంటే నా లెక్కలో రెండూ ఒకటే.

పది గంటలకి టోలిచౌకీ వచ్చాం. షవర్మా కమ్మీ దగ్గర చూడాల్సింది ఒక్కటే: రాత్రి పదింటికి ఆ మాంసం దిమ్మ ఎంత సన్నబడింది? సాయంత్రం లావుగా గుచ్చిన దిమ్మ ఈపాటికి సగానికి పైగా తరిగి ఉండాలి. ఇంకా పెళ్ళికొడుకులా బొద్దుగా ఉందంటే బేరం లేదని అర్థం, పైన కాలుతూ లోపల గోరువెచ్చగా నానుతోందని కూడా అర్థం. కోసిన ముక్కల్ని మళ్ళీ పెనం మీద వేడి చేసి చుట్టేవాడి దగ్గర తినండి. ఇక్కడ షరతు కాస్త సడలించి రెండు చెప్పాను, వరంగల్ అబ్బాయి మొహం చూడలేక.

రంజాన్ నెలలో వస్తే ఈ దారి లెక్కంతా మారిపోతుంది. అప్పుడు హలీం ఒక్కటే పని. 2010లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సొత్తు అనే ముద్ర, వచ్చిన వంటకం అది, ఒక గిన్నె తింటే ఆ రాత్రికి ఇంకేమీ పట్టదు. హలీంకి ముందు ఇంకోటి తినడం దండగ.

పదకొండు కొట్టేసరికి మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, ఏడో నిజాం రెండో కొడుకు పేరు. గడియారం గోపురం కింద ఫేమస్ ఐస్‌క్రీం దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చుంటే ఆ రాత్రిలో మొదటిసారి నడుము వాల్చినట్టయింది. సీతాఫలం కాలం చివర్న ఉంది, అదే చెప్పాం. ఐస్‌క్రీం పంచుకోమని నేను చెప్పలేదు. నా నియమాలకీ ఒక హద్దు ఉంది.

మూడు గంటల విరామం, పిండి సంగతి

అర్ధరాత్రి నుంచి మూడింటి వరకు ఊరు నిద్రపోతుంది. పెట్రోలింగ్ బండి వచ్చి మైకులో చెప్పాక చాలా బండ్లు సగం టార్పాలిన్ దించేస్తాయి. ఆ వేళలో మిగిలిపోయింది అమ్ముకోవాలని చూసేవాళ్ళే ఎక్కువ, నేనైతే ఏమీ తినను. మీకు దగ్గర్లో ఇల్లు ఉంటే వెళ్ళి పడుకోండి. పిల్లల్ని నేను మా కొట్టుకి తీసుకెళ్ళాను. మినప్పప్పు బస్తాల మీద దుప్పట్లు పరిస్తే గ్రైండర్ల మోతలోనే నిద్రపోయారు. మదురై అబ్బాయి ఒక్కడు పడుకోలేదు. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం అంతంత మాత్రం. పిండి డబ్బా మూత తీసి వాసన చూసి, తలూపి, మళ్ళీ మూశాడు. వాడు దోసె తెలిసిన ఇంటివాడని నాకు అప్పుడే అర్థమైంది.

బండ్లకి మేమిచ్చే దోసె పిండిలో బియ్యం మూడు పాళ్ళు, మినప్పప్పు ఒక పాలు, గుప్పెడు అటుకులు, కాసిని మెంతులు. సాయంత్రం అయిదింటికి రుబ్బితే నవంబరు చలిలో తెల్లవారుజాము మూడింటికి పొంగి, పుల్లబడీ పడకుండా సరిగ్గా అందుకుంటుంది. అదే మేలో అయితే అయిదారు గంటల్లో పొంగిపోతుంది. అందుకని ఎండాకాలం ఐసు నీళ్ళు పోసి రుబ్బి, రాత్రి పదింటికి మొదలుపెడతాం. ఆ పిండి తెల్లారి టిఫిన్లకి వాడగా మిగిలింది మధ్యాహ్నానికి బాగా పులుస్తుంది. పులిసిన పిండిలో ఇంత బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి సాయంత్రం మూకుట్లో వేస్తే పునుగులు. ఒకే పిండికి తెల్లవారుజామున దోసె జన్మ, సాయంత్రం పునుగు జన్మ. రాత్రి పదింటికి ఉదయపు పిండితో దోసె వేయించుకుని "పుల్లగా ఉంది" అనేవాళ్ళు వేళ తప్పి వచ్చారు. పాపం బండివాడి తప్పేమీ లేదు.

చట్నీకి మాత్రం రెండో జన్మ లేదు. 2017 మేలో ఒక రాత్రి నా బండి దగ్గర ఆటో డ్రైవరు ఒకతను రెండు ఇడ్లీలు తిని, పక్కకి పిలిచి, "అన్నా, పచ్చడి చూసుకో" అని మెల్లిగా చెప్పాడు. సాయంత్రం ఆరింటికి రుబ్బిన పల్లీ చట్నీ, ఒంటిగంటకి జీవం పోయింది. నేను వెంటనే పారబోశానని చెప్పాలని ఉంది. ఇంకో రెండు ప్లేట్లు అమ్మాకే పారబోశాను. ఆ తర్వాత రాత్రికి రెండుసార్లు రుబ్బేవాణ్ణి. మీరు చేయాల్సింది ఏంటంటే, చట్నీ దోసె మీద పోయనివ్వకుండా పక్కన వేయించుకోండి. ముందు ఒక చుక్క నాలుక మీద పెట్టుకోండి. జివ్వుమంటే వదిలేయండి, దోసె ఉత్తది తిన్నా నష్టం లేదు. బాగా లేకపోతే ఆ ఆటో అతను చెప్పినట్టే చెప్పండి, పక్కకి పిలిచి, నెమ్మదిగా. నలుగురిలో అరిస్తే బండివాడు మీతో గొడవపడతాడు, చట్నీ మారదు.

మర్యాదల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. వీడియో తీసేముందు అడగండి. ఆ బండి నడిపేవాడు ఊళ్ళో ఫలానా ఆఫీసులో పనిచేస్తున్నానని ఇంట్లో చెప్పి ఉండొచ్చు, అలాంటివాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ముప్ఫై రూపాయల దగ్గర బేరమాడొద్దు. "ఏయ్" అనొద్దు, అన్నా, అక్కా, భయ్యా ఏదైనా పలుకుతుంది. తిన్న ప్లేటు డబ్బాలో వేయండి, పొద్దున కార్పొరేషన్ వాళ్ళు వచ్చి అడిగేది బండివాణ్ణే.

మూడు గంటలకి

లేపేసరికి ముగ్గురూ తిట్టుకున్నారు. మల్లేపల్లి నుంచి నాంపల్లి రోడ్డుకి పది నిమిషాలు. అక్కడ రామ్ కీ బండి అనే దోసెల బండి దగ్గర అప్పటికే ఇరవై మంది ఉన్నారు: నైట్ షిఫ్టు దిగినవాళ్ళు, స్టేషన్ నుంచి వచ్చినవాళ్ళు, పుట్టినరోజు కేకు మొహాన పూసుకున్న కుర్రాళ్ళు. ఇది మా పిండి కాదు, ముందే చెప్తున్నాను. వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. ఇంత నిద్ర ఆపుకోలేనివాళ్ళు ఇంటికెళ్ళి పడుకుని, పొద్దున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో గోవింద్ బండికి వెళ్ళొచ్చు. అక్కడి దోసే ఈ తరహాదే.

హైదరాబాద్ బండి దోసె అంటే మన ఇంటి దోసె గుర్తుపెట్టుకుని రావద్దు. పెనం మీద పిండి తిప్పి, దాని మీదే ఉప్మా, ఉల్లి టమాటా, కారం, వెన్న వేసి, చితక్కొట్టి అంతా పరిచేస్తారు. అందరూ చీజ్ చెప్తారు. చీజ్ పడితే కింద పిండి ఎలా ఉందో తెలీదు, కాబట్టి మొదటిది వెన్న దోసె చెప్పండి. ఇంకో చిట్కా. పెనం అప్పుడే వెలిగించి ఉంటే మొదటి దోసె మీది కాకుండా చూసుకోండి. వంటవాడు నీళ్ళు చిలకరించి చీపురుతో తుడుస్తాడు. నీళ్ళు చుయ్‌మని ఆగిపోతే పెనం ఇంకా కుదరలేదు. ముత్యాల్లా పరుగెత్తి మాయమైతే కుదిరింది. అప్పుడు మీ చీటీ ముందుకి జరపండి.

వెన్న దోసె వచ్చింది. అయిదుగురం పేపరు ప్లేటు చుట్టూ మూగాం. మదురై అబ్బాయి ఒక ముక్క తుంచి, నమిలి, పెనం వైపు చూసి, "అంకుల్, ఇది దోసె కాదు" అన్నాడు. ఆ రాత్రి వాడు మాట్లాడిన మొదటి పూర్తి తెలుగు వాక్యం అదే. నేనేమీ అనలేదు. వాడు ఇంకో ముక్క తుంచాడు. ప్లేటు ఖాళీ అయ్యేదాకా తుంచుతూనే ఉన్నాడు.

అప్పటికి పెట్రోలు కాకుండా అయిన ఖర్చు 1,150 రూపాయలు. వరంగల్ అబ్బాయి ఖాళీ ప్లేటు వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. ఒక్క ప్లేటు షరతు ఆఖరి బండికి వర్తించదని చెప్పడం మర్చిపోయాను. వేలు ఎత్తి, "భయ్యా, ఔర్ దో" అన్నాను. ఒకటి చీజ్‌తో.